మత్తు ఒకరిది, మోత మరొకరిది

మద్యాన్ని గురించి మన రాష్ట్రంలో చర్చకు ఎన్నడూ లోటు లేదు. 2025లో తెలంగాణ ప్రభుత్వం 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచినది. ఒక్కొక్క దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 3 లక్షల రూపాయలైనప్పటికీ 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చిపడినవి. ఒక్క సీసా అమ్ముడుపోక ముందే ఖజానాకు 2,800 కోట్ల రూపాయలకు పైగా చేరినది. ఆ లెక్క చూచి కొందరు ప్రభుత్వాన్ని నిందించారు. కొందరు తాగేవారిని నిందించారు. అమ్మేవానిని గురించి, తాగేవానిని గురించి ఇంతగా మాట్లాడుకొనే మనం ఒక మూడవ మనిషిని మరచిపోతున్నాము. అర్ధరాత్రి తలుపు తీసేది, పడిపోయిన వానిని లేపి మంచం మీద చేర్చేది, తెల్లవారి ఆఫీసుకు ఫోను చేసి జ్వరమని చెప్పేది, అప్పులవాడు వచ్చినప్పుడు ఎదురుపడేది ఆ మూడవ మనిషి. ఆ మనిషి భార్య కావచ్చు, తల్లి కావచ్చు, అక్క కావచ్చు, పదేండ్ల కొడుకైనా కావచ్చు. మత్తు ఒకరిది, మోత మరొకరిది.

ఈ మోత ఎంతటిదో తెలియాలంటే ఒక లెక్క చూడవలసి ఉంటుంది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు కేంద్ర ప్రభుత్వం తరఫున దేశమంతటా సర్వే జరిపి 2019లో నివేదిక ప్రకటించారు. 10 నుంచి 75 ఏండ్ల మధ్య వయస్సువారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్ల మంది మద్యం పుచ్చుకొంటున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి ఆ అలవాటు వల్ల హాని కలుగుతున్నది లేదా అది వారిని పూర్తిగా లొంగదీసుకొన్నది. వారికి ఏదో ఒక రూపంలో సహాయం అవసరం. కాని మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నదట; ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేవారు 180 మందికి ఒక్కరు. మిగిలిన 37 మంది సంగతి ఏమిటి? వారికి ఇల్లే ఆసుపత్రి. ఇల్లాలే వైద్యురాలు, నర్సు, కాపలాదారు, జామీనుదారు. ఇందులో ఏ ఒక్క పనికీ ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. చేయలేకపోయినప్పుడు మాత్రం లోకం ఆమెనే నిలవేస్తుంది.

హైదరాబాదు నగరంలో అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాన్ని చూస్తే ఈ విషయం కండ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. మియాపూరు, ఎల్.బి. నగర్ మెట్రో మార్గంలో అమీర్‌పేట తరువాతి స్టేషను పంజాగుట్ట. అక్కడ నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, మనమందరం నిమ్స్ అని పిలిచే ఆసుపత్రి ఉన్నది. అదే అమీర్‌పేట నుంచి మియాపూరు దిశగా పోతే మూడవ స్టేషను ఎర్రగడ్డ; అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యాలయం ఉన్నది. ఒక దిక్కున చెడిన కాలేయానికి, మూత్రపిండాలకు వైద్యం. మరొక దిక్కున చెదరిన మనస్సుకు వైద్యం. నడుమ బస్తీలు, అపార్టుమెంట్లు, హాస్టళ్లు. రెండు ఆసుపత్రులూ అందుబాటులో ఉండికూడ, రోగి ఒళ్లు పూర్తిగా చెడినప్పుడు పంజాగుట్టకో, మతి పూర్తిగా తప్పినప్పుడు ఎర్రగడ్డకో చేరుతున్నాడు తప్ప, అంతకు ముందటి పది పదిహేనేండ్లు ఆ నడుమ ఇండ్లలోనే గడచిపోతున్నవి.

ఇది రెండు సందర్భాలలో బట్టబయలైనది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చి మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండులు ఒక్కసారిగా మూతబడినవి. కొద్ది రోజులకే వణుకుతో, మూర్ఛలతో, లేని రూపాలను చూచి కేకలు వేస్తూ వచ్చిన రోగులతో ఎర్రగడ్డ ఆసుపత్రి కిక్కిరిసిపోయినది. మే 6వ తేదీన దుకాణాలు తిరిగి తెరిచారు. బారులు తీరిన జనం ఫోటోలు పత్రికలకెక్కినవి. ఎర్రగడ్డ మాట మరుగున పడినది. రెండవ సందర్భం 2025 జూలై. కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. అస్వస్థులైన వారిని పెద్ద సంఖ్యలో పంజాగుట్ట నిమ్స్‌లో చేర్చారు. కల్లులో నిద్రమాత్రల మందులు, ఆల్ప్రాజోలాం వంటివి, కలపడం ఇక్కడ కొత్త కాదు. అట్టి కల్లు తాగిన మనిషి కల్లుకే గాక ఆ మందుకు కూడ బానిస అవుతాడు. రెండు సందర్భాలలోను ప్రభుత్వం కదిలినది, పోలీసులు కదిలారు, వైద్యులు శ్రమించారు. రోగిని ఆటోలో పడుకోబెట్టుకొని వచ్చిన మనిషిని మాత్రం, అమ్మా, నీ సంగతి ఏమిటని అడిగినవారు అరుదు.

ఇందుకు మన భాషలోనే ఒక కారణం కనిపిస్తుంది. వ్యసనం అనే మాటను మనం దుర్గుణం అనే అర్థంలోనే వాడుతున్నాము. సప్తవ్యసనాల జాబితా చిన్ననాడే నేర్చుకొన్నాము. సంస్కృతంలో అదే మాటకు ఆపద, దుఃఖం అనే అర్థాలు కూడ ఉన్నవి. మొదటి అర్థం మనలో వేళ్లూనినది, రెండవది జారిపోయినది. దుర్గుణమైతే బుద్ధి చెప్పాలి, సిగ్గుపడాలి, దాచిపెట్టాలి. ఆపద అయితే కేక వేయాలి, నలుగురినీ పిలవాలి. మన ఇండ్లలో జరుగుతున్నది మొదటిది. పెండ్లికాని కూతురున్న తల్లి ఆ మాట పొరుగింటికి పొక్కకుండ తలుపులు మూసుకొంటుంది. ఆ మూసిన తలుపుల వెనుక జబ్బు పెరుగుతుంది.

దాపరికం వల్ల ప్రాణాపాయం కూడ కలగవచ్చు. ఏండ్ల తరబడి ప్రతిదినం తాగిన మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే బుద్ధి వస్తుందని నమ్మేవారు చాలమంది ఉన్నారు. అట్టి మనిషికి మద్యం హఠాత్తుగా ఆగితే కొద్ది గంటలలోనే చెమట, వణుకు మొదలవుతవి. రెండు రోజుల లోపల మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య సన్నిపాతం వంటి స్థితి ఏర్పడి, గోడలపై పురుగులు పాకినట్లు కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో ఈ దశను దాటించడానికి మందులున్నవి, థయామిన్ అనే బి1 విటమిన్ ఉన్నది. తాళం చెవి మందు కాదు. అట్లే, తాగేవానికి తెలియకుండ కూరలో కలిపి పెట్టమని అమ్మే పొడులు మరొక ప్రమాదం. మద్యం పడకుండ చేసే డైసల్ఫిరాం అనే మందు గుణాన్ని 1948లో డెన్మార్కు పరిశోధకులు లోకానికి తెలిపారు. అది పనిచేసే మందే. కాని ఆ మందు ఒంటిలో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబారి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె బలహీనమైతే చావు కూడ సంభవించవచ్చు. అందుచేత రోగికి చెప్పి, అతని అంగీకారంతో, వైద్యుడు మాత్రమే ఇవ్వవలసిన మందు అది. ప్రేమతోనే ఐనా దొంగచాటుగా పెట్టేది వైద్యం కాదు.

మరి ప్రేమ ఉన్నవారు ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదకుతూ మన సాహిత్యం వైపు తిరిగితే, నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం తటస్థపడుతుంది. జూదరియై రాజ్యం పోగొట్టుకొన్న ధర్మరాజుకు, బృహదశ్వుడు మరొక జూదరి కథ చెబుతాడు. ఆపదలో ఉన్న పురుషునికి భార్యను మించిన ఔషధం లేదని అడవిలో దమయంతి నలునితో అన్న మాట మనవారు బాగుగా గుర్తుంచుకొన్నారు. తరతరాల కోడండ్రకు దానిని అప్పగించారు. కాని ఆ మాట అనడానికి ముందు ఆమె చేసిన పని ఒకటి ఉన్నది. నలుడు నెలల తరబడి జూదంలో మునిగి, మంత్రులు పిలిచినా పలుకకున్నప్పుడు, సర్వస్వం పోబోతున్నదని గ్రహించి, ఆమె సారథియైన వార్ష్ణేయుని పిలిపించి బిడ్డలిద్దరినీ రథమెక్కించి విదర్భలోని పుట్టింటికి పంపివేసినది. తాను మాత్రం భర్తతో నిలిచినది. బిడ్డలను కాపాడడం భర్తకు ద్రోహమని ఆమె అనుకొనలేదు.

తరువాతి కథ కూడ గమనింపదగినది. నలునిలో ప్రవేశించినవాడు కలి అని కవి చెప్పడంలో మనిషి వేరు, అతనిని పట్టినది వేరు అనే ఎరుక ఉన్నది. ఆ కలి దమయంతి కన్నీటికి పోలేదు, మంత్రుల హితబోధకు పోలేదు. కర్కోటకుని విషం లోపల దహించి, ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం నేర్చిన తరువాత గాని విడువలేదు. అంతకాలం దమయంతి పుట్టింటి సహాయం తీసుకొన్నది, బ్రాహ్మణులను నలుదెసలకు పంపి వెదికించినది. బాహుకుని రూపంలో అతడు వచ్చినప్పుడు వెంటనే పరుగెత్తలేదు. కేశినిని పంపి పరీక్షించి, నమ్మకం కుదిరిన పిమ్మటనే చేరదీసినది. విడువకపోవడం, గుడ్డిగా నమ్మకపోవడం ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని ఆ కథ చూపుతున్నది. మన సమాజం మొదటిదానిని కోరి, రెండవదానిని తప్పుపడుతున్నది.

ఆధునిక కాలంలో ఈ మోతను రహస్యం నుంచి బయటికి తెచ్చినవారు స్త్రీలే. నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమం నడిపిన రాత్రిబడులలో చదువు నేర్చిన స్త్రీలు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు నాడు రాష్ట్రమంతటా మారుమ్రోగినది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. చట్టం వచ్చినది, పోయినది. కాని ఎవరి ఇంటి సిగ్గు వారు దాచుకొనడం మాని అందరూ ఒకచోట చేరడంలో ఎంత బలమున్నదో దూబగుంట నిరూపించినది. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు మద్యం కారణంగా భర్తను కోల్పోయి, 1980లో ఆయన పేరనే టి.టి. రంగనాథన్ వైద్య పరిశోధనా సంస్థను స్థాపించి, రోగితో పాటు కుటుంబానికి కూడ చికిత్సలో స్థానం కల్పించారు. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించినది. అమెరికాలో తాగుడు మానదలచినవారి సంఘం 1935లో ఏర్పడగా, దాని స్థాపకులలో ఒకరి భార్యయైన లోయిస్ విల్సన్ ప్రభృతులు 1951లో వారి కుటుంబాల కొరకు అల్-అనాన్ అనే వేరొక సంఘాన్ని నెలకొల్పారు. జబ్బును తెచ్చినది తాము కాదని, దానిని అదుపుచేయడం గాని నయం చేయడం గాని తమ చేతిలో లేదని తెలుసుకొనడమే ఆ సంఘంలో మొదటి పాఠం.

ఐతే కుటుంబం చేయగలిగినది ఏమీ లేదా? ఉన్నది. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో మిల్లర్, మేయర్స్ అనే పరిశోధకులు, చికిత్సకు ససేమిరా అంటున్న తాగుబోతుల బంధువులు 130 మందిని మూడు వర్గాలుగా చేసి, మూడు పద్ధతులలో సహాయం చేసి, 1999లో ఫలితాలు ప్రకటించారు. అల్-అనాన్ మార్గంలో నడిచిన వర్గంలో నూటికి 13 మంది రోగులు చికిత్సకు వచ్చారు. ఆ మార్గం ఉద్దేశం బంధువుల మనశ్శాంతి గనుక ఇందులో ఆశ్చర్యం లేదు. బంధువులంతా ఒక్కసారి కూడి నిలదీసే పద్ధతిలో 30 మంది వచ్చారు. మూడవది బంధువులకు నేర్పు కలిగించే పద్ధతి. తాగి ఉన్నప్పుడు వాదించకుండ తెలివిలో ఉన్నప్పుడు మెత్తగా మాట్లాడడం, తాగని పూటను సంతోషంగా గడచేటట్లు చేయడం, తాగిన దాని ఫలితాన్ని తాను అడ్డుకొనక అతనినే అనుభవింపనివ్వడం, చేయి చేసుకొనే సూచన కనిపిస్తే ముందుగా తప్పుకొనడం, ఇక మానాలి అని అతడు అన్న క్షణాన వైద్యుని వద్దకు తీసుకొనిపోవడానికి సిద్ధంగా ఉండడం అందులోని పాఠాలు. ఆ పద్ధతిలో 64 మంది రోగులు చికిత్సకు కదిలి వచ్చారు. రోగి ఒప్పుకొనేదాకా కుటుంబం ఎదురుచూడవలసిన పనిలేదని దీనివల్ల తేలుతున్నది. మొదట కుటుంబమే సహాయం పొందవచ్చు. అది స్వార్థం కాదు, వైద్యంలో తొలి మెట్టు.

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. మనిషికి చేసే సేవ వేరు, అతని మత్తుకు చేసే సేవ వేరు. జ్వరమని ఆఫీసుకు అబద్ధం చెప్పడం, కల్లు బాకీ తీర్చడానికి పుస్తెలు కుదువబెట్టడం మత్తుకు చేసిన సేవ. అన్నం పెట్టడం, ఆసుపత్రికి తోడు రావడం, తాగని నాడు పక్కన కూర్చొనడం మనిషికి చేసిన సేవ. చెప్పడం సులభమే, జీతం పోతే బియ్యం రావు గనుక అబద్ధం ఆడక తప్పని ఇల్లాలిని తప్పుపట్టే అధికారం మనకు లేదు. ఆ అబద్ధం ఆడవలసిన అవసరం లేకుండ ఆమెకు అండ కల్పించే బాధ్యత మాత్రం మనకు ఉన్నది. దెబ్బలు ఓర్చుకొనడం సేవలో భాగం కానేకాదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం, 181 అనే మహిళా సహాయ ఫోను నంబరు అందుకే ఏర్పడినవి.

చట్టం మరికొంత అండ ఇస్తున్నది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యానికి, మత్తుమందులకు సంబంధించిన మానసిక స్థితులను రుగ్మతలుగానే పరిగణించినది. వాటికి ప్రభుత్వ వైద్యం పొందడం హక్కు. రోగిని గొలుసులతో బంధించడాన్ని ఆ చట్టం నిషేధించినది. వ్యసనం మాన్పిస్తామని బోర్డు కట్టిన ప్రతి ఇల్లూ ఆసుపత్రి కాదు గనుక, రోగిని చేర్చే ముందు రిజిస్ట్రేషను ఉన్నదా, మానసిక వైద్యుడు వస్తాడా, మమ్ములను చూడనిస్తారా అని మూడు ప్రశ్నలు అడగాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. మత్తు వ్యసనాలకు ప్రత్యేకించిన జాతీయ నంబరు 14446. ఈ నంబర్లకు రోగే కాదు, రోగి తల్లి కూడ ఫోను చేయవచ్చు.

అమీర్‌పేటకు మరొక ముఖం ఉన్నది. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లకు జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు హాస్టల్ గదులలో ఉండి కంప్యూటరు కోర్సులు నేర్చుకొంటున్నారు. వారిలో ఒకడు గంజాయికి గాని మాత్రలకు గాని అలవాటుపడితే మొదట తెలిసేది తండ్రికి కాదు, పక్క మంచం మీది మిత్రునికి. ఇరవై యేండ్ల ఆ మిత్రుడు తెలియకుండనే సంరక్షకుడవుతున్నాడు. చెబితే పోలీసు కేసవుతుందని భయం. చెప్పకపోతే మనిషి చేజారిపోతాడని భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ అనే సెక్షను ఉన్నది. మత్తుమందు వాడినందుకు గాని, స్వల్ప పరిమాణంలో దగ్గర ఉంచుకొన్నందుకు గాని నేరారోపణ ఎదుర్కొనే వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో చికిత్స కోరి, దానిని పూర్తిచేస్తే అతనిని శిక్షించకుండ ఆ సెక్షను కాపాడుతుంది. అమ్మేవానికి ఈ రక్షణ లేదు. మత్తుమందులకు వ్యతిరేకంగా కళాశాలలలో ప్రతిజ్ఞలు చేయిస్తున్నాము. వాటితో పాటు ఈ ఒక్క సెక్షనును విద్యార్థులకు విడమరచి చెబితే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు వేరుగా ఒక మాట. తరగతిలో కునుకు తీసే పిల్లవాడు, తండ్రిని పిలుచుకొని రమ్మంటే తెల్లబోయే పిల్ల, ఇంటికి పోవడానికి తొందరపడని విద్యార్థి, వీరిలో కొందరు రాత్రి తల్లితో పాటు కాపలా కాచి వచ్చినవారు. నలుగురి ఎదుట అడగకండి. ఒంటరిగా పిలిచి, అది నీ తప్పు కాదు, నీవు మాన్పించవలసిన పనీ కాదు, చదువుకొనడమే నీ పని అని చెప్పండి. ఆ మాట అతనితో ఇంట్లో ఎవరూ అని ఉండరు. తల్లి వస్తే నీతి చెప్పకండి. ఫోను నంబరు రాసి ఇవ్వండి. ఇది మహత్కార్యం కాదు. కాని నిజంగా జరిగేది ఇట్టి చిన్న పనులతోనే.

ప్రభుత్వాన్ని కూడ అడగవలసినది ఉన్నది. మత్తుపానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణంలో నిర్దేశించినది. నిషేధం సాధ్యమా కాదా అనే వాదం ఎప్పటికి తెగుతుందో చెప్పలేము. ఆ వాదం తెగే వరకు, దుకాణాల దరఖాస్తులతోనే వేల కోట్లు రాబట్టే ప్రభుత్వం ఆ డబ్బులో కొంత భాగాన్ని ఇంటివారి కొరకు కేటాయించడం న్యాయం. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట కుటుంబాల కొరకు ఒక గది తెరవాలి. రోగి వెంట లేకున్నా తల్లి గాని భార్య గాని ఒంటరిగా వచ్చి మాట్లాడవచ్చునని తలుపు మీద రాయాలి. ఎర్రగడ్డకు రానని భర్త మొండికేసిన నాడు ఆ ఇల్లాలు వెనుదిరగకూడదు. తాను ఒక్కతే ఐనా మెట్రో ఎక్కాలి, ఆమె వచ్చినందుకు అక్కడ ఒక చీటీ రాసి ఆమె పేరనే కేసు తెరవాలి. 37 మందికి ఇల్లే ఆసుపత్రిగా ఉన్నంత కాలం, ఆ ఆసుపత్రిని నడిపే మనిషిని కాపాడుకొనడమే ఆ రోగులకు అందే మొదటి వైద్యం.